వాడు మానేశాడు

నేను గంజాయి మొదలుపెట్టింది డిగ్రీ చివరి ఏడాదిలో, తొంభైల మధ్యలో, నరసాపురంలో. ఆ రోజు నా పక్కన కూర్చున్నవాడు నా స్నేహితుడు. ఇద్దరివీ పెనుగొండ చుట్టుపక్కల ఊళ్ళే. మాకు పెనుగొండలో బట్టల కొట్టు, వాళ్ళది వ్యవసాయం. ఒకే బస్సులో కాలేజీకి వెళ్ళేవాళ్ళం, ఒకే సిగరెట్టు పంచుకునేవాళ్ళం. ఓ సీనియర్ అందులో గంజాయి నింపి ఇచ్చిన రోజు దాన్ని కూడా అలాగే పంచుకున్నాం. మొదట్లో ఆదివారాలు. తర్వాత వారానికి మూడు నాలుగు రోజులు. చదువయిపోయి నేను నాన్న కొట్లో కూర్చున్నాక రోజూ.

సాయంత్రం అయిదు దాటాక వాడు బండి మీద వచ్చేవాడు. కొట్టు వెనక కాలవ గట్టు మీద కూర్చునేవాళ్ళం. అరగంట తర్వాత తిరిగి కొట్లోకి వెళ్తే చీరలు మడతపెట్టడం కూడా హాయిగా ఉండేది. నాన్న కసుర్లు ఎవరినో అంటున్నట్టు వినపడేవి. మనమేమన్నా మందు తాగుతున్నామా, ఆకే కదా అనుకునేవాణ్ణి. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. వాడు రెండెకరాలు తవ్వించి చేపల చెరువు వేశాడు. గట్టు మీద అరగంట మాత్రం మారలేదు.

వాడికి కూతురు పుట్టిన నెలలో ఓ సాయంత్రం, నేను వెలిగించి ఇస్తే వాడు చెయ్యి చాపలేదు.

"ఇంక నాకొద్దురా."

"ఏం, ఇవాళ ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉంది. ఇంకెప్పుడూ వద్దు. పాపని ఎత్తుకుంటే నా చొక్కా వాసన దాని ఒంటికి పడుతోంది."

నేను నవ్వాను. రెండు రోజుల్లో దారికొస్తాడనుకున్నాను. రెండు రోజులు పోయాయి, పది రోజులు పోయాయి. వాడు రోజూ వచ్చేవాడు. గోళీసోడా తాగుతూ పక్కనే కూర్చుని చెరువు సంగతులు చెప్పేవాడు. నా చేతిలో ఉన్నదాని వైపు చూసేవాడు కాదు. చూడకుండా ఉండాలన్న ప్రయత్నం కూడా వాడి మొహంలో కనపడేది కాదు. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

వాడు మానగలిగినప్పుడు నేనెందుకు మానలేనని నేనూ మానేశాను. రెండో రోజుకి అన్నం ముద్ద గొంతు దిగలేదు. నిద్ర పట్టేది కాదు, పట్టినా భయంకరమైన కలలు, ఒళ్ళంతా చెమట. మూడో రోజు ఓ పెద్దావిడ జాకెట్టు గుడ్డ రంగు కుదరలేదని తానులన్నీ తీయిస్తుంటే ఓ తాను ఆవిడ ముందుకి విసిరికొట్టాను. నాన్న లేచొచ్చి ఆవిడకి దణ్ణం పెట్టారు. నాలుగో రోజు నేను మళ్ళీ గట్టు మీదే ఉన్నాను. అలా మూడుసార్లు జరిగింది. మానిన ప్రతిసారీ తిరిగి మొదలుపెట్టాక ఇంకాస్త ఎక్కువే పట్టేది. పొద్దున్న కొట్టు తీయకముందే ఒకసారి గట్టు మీదకి వెళ్ళడం అప్పుడే అలవాటైంది. రెండున్నర మీటర్లు అడిగితే ఒకటిన్నర కోసి ఇచ్చేవాణ్ణి. ఏం అడిగారో కత్తెర పట్టుకునేలోగా మర్చిపోయేవాణ్ణి.

వాడేమో ఒళ్ళు చేశాడు. మొహానికి కళొచ్చింది. "అన్నయ్యగారు ఈమధ్య భలే కుదుటపడ్డారండి," అంది మా ఆవిడ ఓసారి అన్నం వడ్డిస్తూ. ఆవిడ మామూలుగానే అంది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. వాడి నిద్ర మీద, వాడి ఆకలి మీద, కూతుర్ని భుజాన వేసుకుని వాడు నడిచే తీరు మీద నాకు అసూయ. వాడి చెరువులో చేపలు తేలిపోతే బాగుండునని కూడా ఒకరోజు అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అనుకున్న మాట నిజం.

అంతకంటే సిగ్గుపడాల్సిన పని పాప అన్నప్రాసన రోజు చేశాను. భోజనాలయ్యాక చెరువు చూపించమని వాణ్ణి మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను. జేబులోంచి తీసి వెలిగించి వాడి చేతిలో పెట్టాను.

"వద్దన్నాను కదరా."

"ఒక్కటే. మీ ఆవిడకి అంత భయపడితే ఎలా? లేదంటే నేను నీకు ఇప్పుడు తక్కువైపోయానా?"

వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. రెండు దమ్ములు లాగి, దగ్గి, తిరిగి నాకిచ్చేశాడు. ఆ రోజు ఇంటికొస్తుంటే నాకు పండగలా ఉంది. రేపు వాడే అడుగుతాడు, ఎల్లుండి వాడే తెస్తాడు, మళ్ళీ ఇద్దరం ఒకటే అనుకున్నాను.

మర్నాడు వాడు వచ్చి సోడా తాగి చేపల మేత గురించి మాట్లాడాడు. ఆ మర్నాడూ అంతే. వారమైనా వాడికి ఆ రెండు దమ్ములు గుర్తున్నట్టే లేదు. నాకైతే గంట తప్పితే చేతులు ఆడవు. మా ఇద్దరిలోకీ వెళ్ళింది ఒకటే, నాలో మాత్రం అది కూర్చుండిపోయింది. అలవాటు వేరు, నాకున్నది వేరు అని ఆ వారంలో అర్థమైంది.

ఓ మధ్యాహ్నం మా ఆవిడ వంటింట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

"తెలుసండి," అంది. "కొట్లో చీరల అట్టపెట్టెలో పొట్లం చూసి రెండేళ్ళయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేస్తానంటారు. మానలేరు. అప్పుడిక మీరు నాకు అబద్ధాలు చెప్పాల్సొస్తుంది. మీరే చెబుతారని చూశాను." చిక్కుళ్ళు పక్కన పెట్టి, "రాజమండ్రిలో డాక్టరుగారెవరో ఉన్నారటండి, వెళ్దాం," అంది.

పిచ్చి డాక్టరు దగ్గరికా అన్నాను. ఆ గురువారం నాన్నతో పంటి నొప్పని చెప్పి ఇద్దరం బస్సెక్కాం.

డాక్టరుగారు పెద్దాయన, నిదానంగా మాట్లాడే మనిషి. లేచిన ఎంతసేపటికి గుర్తొస్తుంది, మానితే ఏమవుతుంది, దానికోసం ఏయే పనులు వదులుకున్నారు అని అడిగి రాసుకున్నారు. నేను ఒకటే అడిగాను.

"ఇద్దరం పదేళ్ళు ఒకేలా తాగామండి. వాడు ఒక్కరోజులో వదిలేశాడు. నాకెందుకు పోలేదు?"

"కొందరికి అలా పోతుందండి, కొందరికి పోదు. అందులో ఆయన గొప్పా లేదు, మీ చేతకానితనమూ లేదు. ఆయన సంగతి వదిలేద్దాం. మీరు దేనికోసం తాగుతున్నారో చెప్పండి."

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "ఆ కొట్లో కూర్చోలేనండి," అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది.

దీన్ని మాన్పించే మాత్ర అంటూ లేదని, కొన్నాళ్ళు నిద్రకి మాత్రం ఏదో ఇస్తానని ఆయన చెప్పారు. మొదటి రెండు వారాలు చిరాకు, చెమట, కలలు తప్పవని, అవి జబ్బు పెరగడం కాదు, తగ్గుతుంటే వచ్చేవని చెప్పారు. వారం వారం రమ్మన్నారు. సాయంత్రం అయిదింటికి కొట్టు వెనక తలుపు దగ్గర ఉండొద్దన్నారు. అందుకని నాన్నకి చెప్పక తప్పలేదు. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అయిదవుతుంటే, "నువ్వు ఇంటికెళ్ళరా, నేను చూసుకుంటాను," అన్నారు.

అయిదో వారం తాగేశాను. డాక్టరుగారి దగ్గర దాచబోయి దాచలేకపోయాను. ఆయన తిట్టలేదు. ఆ రోజు పొద్దుట నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమన్నారు. చెబుతుంటే తెలిసింది. ఆ పొద్దున్న నా స్నేహితుడు కూతురితో కొట్టుకొచ్చి, దానికి గౌను గుడ్డ తీసుకుంటూ పెద్దగా నవ్వాడు. అంతే జరిగింది. "అయితే ఈ అసూయని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలండి," అన్నారాయన.

ఓ గురువారం మా ఆవిడకి జ్వరమొస్తే వాడే నాతో వచ్చాడు. తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో బస్సు మారాలి. అరటిగెలలు దింపుతున్న లారీల పక్కన నిలబడి చెప్పాను.

"అన్నప్రాసన రోజు నీకు కావాలనే ఇచ్చానురా. నువ్వు మళ్ళీ పడిపోవాలని."

"తెలుసు."

"తెలిసి ఎందుకు తాగావు?"

"ఏడ్చేలా ఉన్నావు అప్పుడు." "అసలు నాకది ఎప్పుడూ పడలేదురా. తలనొప్పి వచ్చేది. సగం రోజులు లోపలికి పీల్చేవాణ్ణే కాదు. నువ్వొక్కడివీ కూర్చుంటావని వచ్చేవాణ్ణి."

ఈ మాటకి నాకు ఊరట కలగాలి. వాడు గెలిచిందేమీ లేదు, నేను ఓడిందేమీ లేదు. కానీ ఒళ్ళు మండిపోయింది. నా వయసులో బాగున్న సాయంత్రాలన్నీ వాడికి తలనొప్పి సాయంత్రాలు. ఆ సాయంత్రాలనైనా ఇద్దరివీ అనుకున్నాను. బస్సులో సిద్ధాంతం వంతెన దాటేదాకా వాడితో మాట్లాడలేదు. దాటాక వాడు అరటిపండు ఒలిచి ఇస్తే తీసుకున్నాను.

పూర్తిగా మానడానికి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో ఇంకోసారి జారాను, ఆ సాయంత్రమే మా ఆవిడకి చెప్పాను. నాన్న పోయాక కొట్టు అమ్మేసి నరసాపురంలో లేసు వ్యాపారంలోకి మారాను. ఆడవాళ్ళు అల్లిన లేసులు తీసుకోడానికి ఊళ్ళు తిరగడం నాకు నచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత పెద్దాపురంలో ఓ పెళ్ళికి ఇద్దరం కుటుంబాలతో వెళ్ళాం. భోజనాల వైపు నడుస్తుంటే పందిరి వెనక నుంచి ఆ వాసన వచ్చింది. వాడు కూరల గురించి మాట్లాడుతూ దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు, వాడికి తెలియనే లేదు. నా కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అప్పటికి మానేసి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తుకు రాలేదు. ముందు వెళ్తున్న వాడి వీపు చూశాను, పాత మంట మళ్ళీ లేచింది.

మా ఆవిడ వెనక్కి తిరిగి, "ఏంటండీ ఆగిపోయారు?" అంది.

"వాసనొచ్చింది," అన్నాను.

ఆవిడ వచ్చి నా పక్కన నడిచింది. వాడు అప్పటికే బంతిలో నాకు చోటు పట్టి, పక్క కుర్చీ మీద చెయ్యి వేసి ఉంచాడు.