ఊళ్లు లేని కొండలు

భీమన్నది జగిత్యాల దగ్గర ఊరు, చేసేది తాపీ పని. ఒమాన్‌లోని ఇబ్రాలో ఇరవై రెండేళ్లుగా గోడలు కడుతున్నాడు. శుక్రవారం విమానమెక్కితే ఇక తిరిగి రాడు. సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే, తను పనిచేస్తున్న ఇంటి పెద్దామె రయ్యా అవ్వ ఒక వింత పని అప్పజెప్పింది.

అవ్వ తండ్రి ఇబ్రా మనిషే. వ్యాపారానికని ఆఫ్రికాలో బురుండీ దాకా పోయి, అక్కడి కొండపిల్లను పెళ్లాడాడు. అవ్వ పుట్టింది ఆ కొండ మీదే. ఇప్పుడు ఎనభై దాటాయి. ఒక కన్ను పోయింది, రెండోది పోతోంది.

"ఇది కూడా పోయేలోపు నా పుట్టిల్లు ఒక్కసారి చూడాలి. మా చోటంతా సిమెంటుతో బొమ్మలా చేసిపెట్టు బిడ్డా. గడపకు మూడు మెట్లుండాలి," అంది, పనివాళ్ల దగ్గర నేర్చిన హిందీలో.

అదెంత పని! భీమన్న అవ్వ వాకిట్లో ఇసుక పోసి, కొండలు దిద్ది, నడిమధ్యన గుప్పెడంతేసి ఇళ్లు ముప్పై గోడకు గోడ ఆనించి కట్టాడు. చుట్టూ పొలాలు. మనవాడికి ఊరంటే అదే మరి! అవ్వ వంగి, వేళ్లతో తడిమి తడిమి, మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇది మా చోటు కాదు. మాకు ఊళ్లుండవు."

"ఊరు లేకుంటే మనుషులు యాడుంటరవ్వా?"

"కొండల నిండా! ఒక్కో ఇల్లు ఒక్కో చోట, దాని అరటితోటలో అది. మా వాకిట్లోంచి చూస్తే ఎదుటి కొండ మీద నలభై ఇళ్ల పొగలు. దాని వెనక కొండ మీదా అంతే. మనిషి లేని కొండ నేనెరగను. పట్నమంటే ఎక్కడో సరస్సు ఒడ్డున బుజుంబురా. దాన్ని చూడకుండానే పోయినవాళ్లు బోలెడు."

"మరి ఒకల మంచిచెడ్డ ఒకలకెట్ల తెలుస్తది?"

"పొద్దున్నే అమ్మ ఎదుటి కొండకు కేకేసేది, బాగున్నారా అని. జవాబు వచ్చేదాకా పొయ్యి వెలిగించేది కాదు."

భీమన్న ఇబ్రా చుట్టూ ఉన్న బోడికొండల కేసి చూశాడు. ఇన్నేళ్లలో వాటి మీద మేకలే తప్ప మనిషి కనబడలేదు. అవన్నీ ఒక్కసారి పొగలు విడిచినట్టు తోచింది. ఎంతమంది తల్లీ! అంతమందినీ కలిపి ఉంచింది ఒక్క కేకా!

కట్టినదంతా సుత్తితో పగలగొట్టాడు.

"సామాను సర్దుకోవా భీమన్నా? ముసలితనంలో బొమ్మరిండ్లు కడుతున్నవ్!" అని రూమ్‌లో తనతో ఉండే రషీద్ వెక్కిరించాడు. భీమన్న వింటేనా!

గురువారం మధ్యాహ్నానికి, ఒక్కో ఇల్లు ఒక్కో చోట, కొత్త కొండలు పూర్తయ్యాయి. అవ్వ వేలు కొండ వెంట ఇల్లిల్లూ ఎక్కుతూ పోయి, మూడు మెట్ల దగ్గర ఆగింది. "మాదే!" అని లేచి, నోటికి రెండు చేతులూ చుట్టి, అమ్మ భాషలో గట్టిగా కేకేసింది. తర్వాత చెవి రిక్కించి అలాగే నిలబడింది.

భీమన్నకు ఆ భాష రాదు. కానీ ఆమె దేనికోసం ఆగిందో తెలుసు. గబగబా వాకిలి ఎదుటి గోడ దగ్గరికి పోయి, తనూ నోటికి చేతులు చుట్టాడు.

"మంచిగున్నమవ్వా! అందరం మంచిగున్నం!"

అవ్వ కళ్లు తుడుచుకుంది.

"ఇక పొయ్యి వెలిగిస్తాను," అంది.