ఎంగేజ్‌లో ఉన్న లైన్

మా గురువుగారి ఇంట్లో ఫోను లైన్‌కు మోడెమ్ డబ్బా అమర్చిన ఉదయం, కంప్యూటర్ తెర మీద 'కనెక్ట్' అన్న మాట కనబడగానే నేను చప్పట్లు కొట్టాను. ఆయన కొట్టలేదు. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, "ఆ మాట మోడెమ్ అంటాంది. యూనివర్సిటీ అన్నదా?" అని అడిగారు.

ప్రశ్న న్యాయమైనదే. డబ్బా మీది దీపాలు వెలిగినంత మాత్రాన అవతల ఉన్నది మా విభాగపు కంప్యూటరేనని రుజువు కాదు. నేను ఆయన పేరుతో లోపలికి వెళ్ళి, మేము బావినీళ్ళ కొలతలు దాచుకున్న ఫైలు తెరిచాను. ఆయన తమ దగ్గరున్న పాత ప్రింటవుట్ తెప్పించుకుని, అందులోని అంకెలను తెర మీది అంకెలతో వేలు పెట్టి పోల్చుకుంటూ పోయారు. పేజీ చివరి దాకా సరిపోయాక, "ఇప్పుడు అయింది" అన్నారు.

ఇంటర్నెట్ అన్న మాట వరంగల్‌కు ఇంకా కొత్తగా ఉన్న కాలమది. నేను ఆయన దగ్గర రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. హైదరాబాదు దవాఖానలో చాలాకాలం ఉండి, ఇక చేయగలిగింది ఏమీ లేదని వైద్యులు తేల్చాక ఆయన హనుమకొండలోని ఇంటికి తిరిగి వచ్చారు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. ప్రయోగశాలలో ఒక ఫలితాన్ని చెప్పినట్లే చెప్పారు. మిగిలిన కాలంలో ఆయన కోరుకున్నది ఒక్కటే: కొన్నేళ్ళ కిందట ఒక సైన్సు పత్రికలో మేము అచ్చువేసిన ఒక వాక్యం నిజమో కాదో తేల్చుకోవడం.

ఈ ప్రాంతపు బావుల్లో ఎండాకాలం వచ్చేసరికి ఫ్లోరైడ్ పెరుగుతుందన్నది ఆ వాక్యం. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఆయనే పట్టారు. మేము కొలతకు వాడిన పరికరం చూపే అంకె వేడికి కొంత మారుతుంది. ఎండాకాలపు నమూనాలను కొలిచింది రేకుల కప్పు కింద, మిట్టమధ్యాహ్నం. "పెరిగింది నీళ్ళల్ల ఫ్లోరైడా, మన గదిల వేడా?" అన్న అనుమానం ఆయనకు దవాఖానలో పడుకుని ఉండగా పుట్టింది. ప్రతి కొలత పక్కనా గది ఉష్ణోగ్రత కూడా రాసి ఉంచాము కనుక, ఆ వేడి ప్రభావాన్ని తీసివేసి ఒక్కొక్క బావి లెక్కనూ మళ్ళీ కట్టవచ్చు. నేను విభాగంలో కూర్చుని కట్టి కాగితాలు తెస్తానన్నాను.

"నువ్వు తెచ్చేది నీ లెక్క. తప్పు చేసిన్నా లేదా అన్నది నేనే చూసుకోవాలె" అన్నారు.

మోడెమ్ అందుకోసం వచ్చింది. మొదట అది డయల్ చేస్తుంటే ఆ లైన్ పలకనే లేదు, ఎక్స్ఛేంజి పాతది. పాత తిప్పుడు ఫోనులాగా టకటకమని అంకెలు కొట్టే పద్ధతికి మార్చాక గాని అవతలి వైపు కూత వినిపించలేదు. ఆ తరువాత వంటింటి ఫోను అడ్డం వచ్చింది. రెండు ఫోన్లకూ లైన్ ఒకటే. సార్ భార్య, నేను ఆమెను అమ్మ అనేదాన్ని, అలవాటు కొద్దీ అక్కడ రిసీవర్ ఎత్తితే ఇక్కడ తెర మీద పిచ్చి అక్షరాలు పడి, ఒక్కోసారి కనెక్షనే తెగిపోయేది.

"ఎత్తితే చెవిల పిల్లి అరిచినట్టయితాంది బిడ్డా. ఇదేం యూనివర్సిటీ?" అనేది అమ్మ.

"మా యూనివర్సిటీల మీటింగులు గూడ గట్లనే ఉంటయి" అనేవారు సార్.

ఆ వారంలోనే ఒకరోజు ఆయనకు కొంచెం ఓపిక చిక్కింది. పొద్దున కూర్చున్న మనిషి మధ్యాహ్నం కావస్తున్నా కీబోర్డు వదల్లేదు. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. ఇంటి ముందు జీపు ఆగిన చప్పుడు, వెంటనే ఆడవాళ్ళ శోకాలు వినిపించాయి. ఏ పొరుగింట్లో ఏమైందోనని నేను లేచేలోపే వాళ్ళు సార్ గడప ఎక్కారు. ముందు అమ్మ తమ్ముడు, చేతిలో పూలదండతో. వెనుక కొంగు నోట్లో కుక్కుకుని ఇద్దరు ఆడవాళ్ళు. అమ్మ పుట్టినూరు మరిపెడ నుంచి వచ్చారు. కూర్చుని ఉన్న సార్‌ను చూసి అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

"ఏంది బామ్మర్దీ, దండ నాకేనా?" అన్నారు సార్.

"బావా! పొద్దటిసంది ఫోన్ కొడ్తానం. ఎంగేజే ఎంగేజ్! ఇగ మేం..."

"ఎంగేజ్ వస్తే ఎవలో లైన్ వాడుతాన్నరని అర్థం. నేను పోయిన్నని ఎట్ల అర్థమాయె?"

"పోయినోళ్ళ ఇంట్ల గట్లనే వస్తది గద బావా!"

అతని తర్కాన్ని నేను తోసిపుచ్చలేను. మా వైపు మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటి ఫోను పొద్దంతా ఎంగేజ్ వచ్చిందంటే, చావు కబురు నలుగురికీ చెబుతున్నారనే అనుకుంటారు. అంతకుముందు వాళ్ళ చుట్టాల ఇళ్ళలో అలాగే జరిగింది. ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె ముక్కు తుడుచుకుంటూనే నవ్వేసింది. "దారి పొడుగునా ఏడ్సినం అన్నా. గొంతు పోయింది. జర మంచినీళ్ళియ్యుండ్రి" అంది. సార్ డొక్కలు పట్టుకుని నవ్వారు.

అమ్మ నవ్వలేదు. ఆమె తమ్ముడి ఎడమ చేతిలోని సంచి వైపు చూస్తోంది. సంచి అంచు నుంచి కొత్త చీర మడత కనబడుతోంది. భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్ళు చీర తీసుకురావడం ఆచారం. వాళ్ళది నేత కుటుంబం. తమ మగ్గం మీది చీరే తెచ్చారు. అతడు సంచిని వీపు వెనుకకు తిప్పుకున్నాడు గాని అప్పటికే ఆలస్యమైంది.

"తెచ్చినవా తమ్మీ" అంది అమ్మ.

సార్ కూడా చూశారు. "ఇయ్యాల్టికి చాలు, బంద్ చెయ్యి" అని నాతో అన్నారు. అలాంటి చీర భర్త బతికున్న ఇంట్లో ఉండకూడదు, మరిపెడకు తిరిగి పోకూడదు కూడా. దారిలో ఎవరికిచ్చారో నాకు తెలియదు, అడగలేదు.

ఆ సాయంత్రమే సార్ ఒక నియమం పెట్టారు. రోజూ పొద్దున పది గంటల నుంచి ఒక గంటసేపు మోడెమ్. ఆ గంటలో ఎంగేజ్ వస్తే ఆయన పని చేసుకుంటున్నట్లు, కనుక బతికి ఉన్నట్లు. మిగతా పొద్దంతా ఫోను అమ్మది. చుట్టాలకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, కొందరు పది దాటాక కావాలని ఫోన్ చేసి, ఎంగేజ్ శబ్దం విని, తృప్తిగా పెట్టేసేవారట. "ఎంగేజ్ వచ్చింది. బావ మంచిగున్నడు" అని అమ్మ తమ్ముడు మరిపెడలో నలుగురికీ చెప్పేవాడు.

"సార్, ఒక తప్పు అర్థం తీసేసి ఇంకొకటి నేర్పుతున్నారు" అన్నాను.

"తెలుసు. కని మీ అమ్మకు అందరికీ జవాబు చెప్పే బాధ తప్పుతది" అన్నారు.

వానలు పడేనాటికి బోరుబావుల లెక్కలు పూర్తయ్యాయి. వేడి ప్రభావాన్ని తీసివేసినా వాటిలో పెరుగుదల నిలిచింది. ఆయన సంతోషించకపోగా అనుమానం పెంచుకుని, మొదటి నుంచి మరోసారి కట్టారు. మళ్ళీ అదే జవాబు వచ్చాక చేదబావులకు వచ్చారు. ఊళ్ళల్లో వాటి నుంచి నీళ్ళు చేదుకుని తాగేవాళ్ళే ఎక్కువ. ఆయన బెంగ కూడా వాటి గురించే.

నేను అప్పటికి విభాగానికి తిరిగి వెళ్ళాను. మా కంప్యూటర్‌లో ఆ సమయాన ఎవరెవరు లోపల ఉన్నారో చూడవచ్చు. పది దాటగానే ఆయన పేరు కనబడేది. చివరిసారి కీబోర్డు తాకి ఎంతసేపైందో ఆ పేరు పక్కనే తెలిసేది. ఒకరోజు ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. ఏదో ఒక అంకె దగ్గర ఆగి ఆలోచిస్తున్నారనుకున్నాను. ఆయన అలవాటు అదే. మరిపెడలో అమ్మ తమ్ముడు ఫోన్ చేసి, ఎంగేజ్ విని, మగ్గం మీద కూర్చున్నాడు. ఇంట్లో అమ్మ, పనిలో ఉన్న మనిషిని కదిలించకూడదని, చప్పుడు చేయకుండా వంట చేసుకుంది. జావ తీసుకుని లోపలికి వెళ్ళేవరకు ఎవరికీ తెలియలేదు.

ఫోన్ చేయడానికి ఆమె ముందుగా మోడెమ్ తీగ గోడలోంచి పీకవలసి వచ్చింది. తెర మీద ఆయన పేరు మాయమైన కొద్దిసేపటికి విభాగంలో ఫోను మోగింది.

మరిపెడ నుంచి బస్సులో వచ్చిన తమ్ముడు, "ఎంగేజ్ వచ్చింది గద అక్కా... ఎంగేజ్ వచ్చింది గద" అని ఆ సాయంత్రమంతా అదే మాట అన్నాడు. లైన్ వాడుకలో ఉందన్నంత వరకే ఆ శబ్దానికి తెలుసు. అది రెండుసార్లూ నిజమే చెప్పింది. ఈ మాట అతనికి చెప్పి ప్రయోజనం లేదు కనుక చెప్పలేదు.

కర్మకాండ ముగిశాక మిగిలిన చేదబావుల లెక్క నేను పూర్తి చేశాను. గది వేడిని తీసివేస్తే వాటిలో పెరుగుదల దాదాపు ఏమీ మిగల్లేదు. మా వాక్యం సగం నిజం, సగం తప్పు. ఆయన చివరి ఉదయం ఒక చేదబావి లెక్క నడపమని ఆదేశమిచ్చిన గుర్తు కంప్యూటర్‌లో ఉంది. జవాబు ఆయన తెరకు వెళ్ళిన గుర్తు కూడా ఉంది. తప్పు బయటపడే జవాబు అది.

అమ్మకు చెప్పడానికి వెళ్ళాను. సగం నిజం, సగం తప్పు అన్న సంగతి ఆమె ఓపికగా విన్నది. పత్రికకు సవరణ పంపుతున్నానంటే తలూపింది.

"ఆ జవాబు ఆయన చూసిండా?" అని అడిగింది.

"ఆయన ముందుకు వచ్చింది అమ్మా. అప్పటికి ఆయన..." ఆగిపోయాను. "చూశారో లేదో తెలుసుకునే ఆధారం లేదు."

"చూసిండని చెప్పరాదు బిడ్డా? తెలుసుకునే పోయిండని."

చెప్పాలనే అనిపించింది. చెప్పినా తప్పని నిరూపించగలిగినవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. అయినా "నాకు తెలియదమ్మా" అన్నాను.

అమ్మ "నువ్వు గూడ ఆయన దగ్గర చదువుకున్నదానివే గద" అని, చాయ్ పెట్టడానికి లేచింది.