చెప్పుల కాడ కూసున్న నాయనమ్మ

దగ్గరికి జరిగి కూసోండ్రి, చాప మీద ఇంకా జాగా ఉన్నది. పొయ్యి మీద చాయ్ మరుగుతున్నది, అది దిగేలోపట ఒక ముచ్చట చెప్త. నేను చదివింది నాలుగో తరగతి దాకనే, కని చూసింది చూసినట్టు యాదికుంటది.

మొన్న గుడిమల్కాపూర్ల పూలమ్మే లక్ష్మి బిడ్డకు కాన్పయిందంటే చూడనీకి వోయిన. గడప దాటంగనే సాంబ్రాణి పొగ, అండ్ల కలిసిన శెనగపిండి, నువ్వుల నూనె, పసిగుడ్డు పెయ్యి వాసన ముక్కుకు తగిలేసరికి కాళ్లు ఆడనే ఆగినయ్. యాభై ఏండ్ల కిందటి మా గల్లీ, మా నాయనమ్మ రాహేలమ్మ, ఒక్కసారిగ కండ్ల ముంగటికొచ్చిన్రు.

పురానాపూల్ దిక్కు మాది ఒంటి అర్ర ఇల్లు. ఈ పక్క గోడ పూలమ్మే యాదమ్మది, ఆ పక్క గోడ మేం ఖాలా అని పిలిచే ముస్లిం పిన్నమ్మది. వానకాలం మూసీ మీదికెళ్లి వచ్చే తడిగాలి, బోనాలప్పుడు యాదమ్మ ఇంటికెళ్లి ఏపాకు వాసన, రంజాన్‌కు ఖాలా పంపే షీర్‌ఖుర్మా మీద తేలే చిరంజీపప్పు, క్రిస్మస్‌కు మేం గర్జెలు కాలుస్తుంటే గోడ మీదికెళ్లి వంగి చూసే పిల్లల తలకాయలు, ఇవన్నీ కలిసే మాకు ఏడాది గడిచేది. బాపు బండల పని మీద ఊర్లు వట్టుకొని తిరిగేటోడు, ఇంట్ల నాయనమ్మ, అమ్మ, నేనే.

నాయనమ్మ పని పిల్లలకు నీళ్లు పోసుడు. పీట మీద కూసొని, రెండు కాళ్లు సాపి, మోకాళ్ల కిందికి పిల్లను పండవెట్టుకొని, నూనె రాసి, పిండితోటి నలిచి, మోచెయ్యి ముంచి చూసిన గోరువెచ్చని నీళ్లు చెవులల్ల వడకుంట అరచెయ్యి అడ్డం వెట్టి పోసేది. ముక్కు సాపు చేసేది, తలకాయ గుండ్రంగ వొత్తేది, ఆఖరికి నిప్పుల మీద సాంబ్రాణి ఏసి ఆ పొగకు జుట్టు ఆరవెట్టేది. ఎవలింట్ల కాన్పయినా, ఏ దేవుణ్ణి మొక్కేటోళ్లయినా, "రాహేల్ అమ్మను పిలువుండ్రి" అనేటోళ్లు. ఖాలా అయితే, "ఇస్కే హాత్ మే బర్కత్ హై, ఈమె చేతిల దీవెన ఉన్నది" అని తన ఇంటి పిల్లలందరినీ నాయనమ్మ కాళ్ల మీదనే వెట్టింది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండంగ మా మందిరానికి, అంటే మా చర్చికి, కొత్త పాస్టర్ అయ్యగారు వచ్చిండు. నున్నగ దువ్విన జుట్టు, తెల్ల బట్టలు, తియ్యటి గొంతు. వచ్చిన కొద్ది దినాలకే బయటోళ్ల ఇండ్లల్ల తినొద్దు, బయటోళ్ల పండుగ చూడొద్దు అనుడు మొదలువెట్టిండు. ఒక ఆదివారం సండే స్కూల్‌ల పిల్లలను దగ్గర కూసోవెట్టుకొని, "మీ ఇండ్లలో దేవునికి ఇష్టం లేని పని ఎవరైనా చేశారా? నిజం చెప్పిన బిడ్డకు బహుమానం" అన్నడు. నేను చెయ్యి లేపిన. మా నాయనమ్మ యాదమ్మ బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి ఏసిందని, ఆళ్లు వెట్టిన పులిహోర ఆడనే కూసొని తిన్నదని చెప్పిన. ఆ బిడ్డనే మొన్న నేను వోయిన ఇంటి లక్ష్మి. అయ్యగారు నా తల నిమిరి ఎర్ర పెన్సిల్ ఇచ్చిండు. ఆ పెన్సిల్ అందరికి చూపుకుంట ఇంటిదాక ఎగురుకుంట వచ్చిన.

ఆ మళ్ల ఆదివారం అందరి ముంగట నాయనమ్మను లేపి నిలవెట్టిండు. తప్పొప్పుకొని, ఇంక ఆ ఇండ్ల గడప తొక్కనని ఒట్టు వెట్టుమన్నడు. నాయనమ్మ, "పసిపిల్లకు నీళ్లు పోసుడు తప్పెట్లయితదయ్యా?" అన్నది, గంతే. ఆ దినం సంది ఆమెకు ప్రభువు బల్ల, అదే రొట్టె ద్రాక్షరసం, లేదు, లోపల కూసునుడు లేదు, వాకిట్ల చెప్పుల కాడనే. ఎవ్వరూ ఆమెతోటి మాట్లాడొద్దు, కలిసి తినొద్దు. అమ్మ అప్పుడు నిండు నెలల మీదున్నది. అయ్యగారు అమ్మ దిక్కు తిరిగి, "ఆమెతో కలిస్తే నీ గర్భంలోని బిడ్డకు శాపం తగులుతుంది, జాగ్రత్త తల్లీ" అన్నడు.

గా మాటకు అమ్మ బెదిరింది. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పురిట్లనే వోయిన్రు ఆమెకు. ఒంటి అర్రల నడుమ చీర అడ్డం కట్టింది. నాయనమ్మ గిన్నె వేరే, చెంబు వేరే. అన్నం నేనే తీస్కపోయి ఇచ్చేదాన్ని, ఇచ్చినప్పుడల్లా నోట్లెకెళ్లి నిజం బయటికొస్తదేమోనని తల వంచుకునేదాన్ని. నాయనమ్మ మట్టుకు వారమంత ఆదివారం కోసం ఎదురుచూసి, ఉతికిన చీర కట్టుకొని, వొయ్యి చెప్పుల కాడ కూసునేది. "ఎందుకు వోతవ్ నాయనమ్మా" అంటే, "నేను ఆయన మొకం చూడనీకి వోతున్ననే? దేవుని దగ్గరికి వోతున్న" అనేది.

చెల్లె పుట్టింది. బస్తీ పిల్లలందరికీ నీళ్లు పోసిన చేతులు సొంత మనుమరాలిని ముట్టుకోలే. అమ్మకు నీళ్లు పోసుడు రాదాయె. చీర అవుతల నాయనమ్మ కూసొని గోడకు చెప్పేది.

"ఓ గోడా, నీళ్లు మస్తు కాగినట్టున్నయ్, పొగ చూడు. మోచెయ్యి ముంచాలె. చెవికి అడ్డం ఏం వెట్టకపోతే ఎట్లనే గోడా?"

అమ్మ ఇనేది, ఏడ్సేది, గోడకు చెప్పినట్టే చేసేది. కని ఇని చేసుడు వేరు, చేత కావుడు వేరు. చెవుల నీళ్లు వోయినయ్, చీము వట్టింది, జరమొచ్చి పిల్ల పాలు తాగుడు ఇడిసిపెట్టింది. దవాఖానల డాక్టరమ్మ మందిచ్చి, "ఇంట్ల పెద్దోళ్లు ఎవ్వరూ లేరా?" అన్నది. అమ్మ మందు కొంగుకు కట్టుకొని లేచింది.

మా మందిరంల ఒక పద్ధతుండె. కాన్పు అయినంక తల్లి బిడ్డనెత్తుకొని లేచి సాక్ష్యం చెప్పాలె. మాట మాటకు "దేవునికి స్తోత్రం" అంటే అందరు "ఆమెన్" అనాలె. సాక్ష్యాన్ని నడుమ ఆపుడంటే ఆత్మను ఆపినట్టేనని ఈ అయ్యగారే గట్టిగ చెప్పేటోడు. పిల్లకు జరం తగ్గినంక అమ్మ లేచింది.

"ఆడపిల్ల సల్లంగ పుట్టింది, దేవునికి స్తోత్రం."

"ఆమెన్!"

"పిల్ల చెవుల చీము వట్టింది. దవాఖాన మందుతోటి బతికింది, దేవునికి స్తోత్రం."

"ఆమెన్!"

"నీళ్లు పోసుడు వచ్చిన మా అత్తమ్మ చెప్పుల కాడ కూసున్నది. ముట్టుకుంటె శాపమని మమ్మల్ని భయవెట్టిన్రు. ఆమె ముట్టుకోకుంటనే పిల్లకు రోగమొచ్చింది, దేవునికి స్తోత్రం."

అలవాటున సగం మంది "ఆమెన్" అననే అన్నరు, అన్నంక ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. అయ్యగారు పాట అందుకోమని చెయ్యి ఊపిండు. ముందు వరుసల ముసలాయన ఒకాయన, "సాక్ష్యం నడుమ పాటేందయ్యా? మీరే చెప్తిరి గదా, కానియ్యుండ్రి" అన్నడు.

అమ్మ అయ్యగారి దిక్కు తిరిగింది. "నా పెద్దబిడ్డకు పెన్సిల్ ఇచ్చి ఇంటి మాటలు గుంజిన్రు. ఏసయ్య అందరి ఇండ్లల్ల తిన్నడని మీరే చదివిన్రు. ఆయన ఇయ్యాల ఈడికొస్తె, ఆయనను గూడ చెప్పుల కాడనే కూసోవెడ్తరా అయ్యగారూ?"

ఈసారి ఎవ్వరూ ఆమెన్ అనలే. అమ్మ మనుషుల నడిమికెళ్లి నడిచి, గడప దాటి, పిల్లను నాయనమ్మ ఒళ్లె వెట్టింది. నాయనమ్మ ఏడ్సలే, దీవించలే. చెల్లె చెవు తిప్పి చూసి, "పిల్లను గిట్లనా పట్టుకునేది? మెడ కింద చెయ్యి వెట్టాలె పిల్లా" అన్నది. అమ్మ అక్కడనే, చెప్పుల నడుమ, కూలవడి నవ్వుకుంట ఏడ్సింది.

తెల్లారి నీళ్లు పోస్తుంటే నేను మోకాళ్ల మీద వడి, "నాయనమ్మా, చెప్పింది నేనే" అన్న. "నాకెరుకనే" అన్నది, చెయ్యి ఆపకుంట. "నువ్వు అబద్ధమాడలే గదా. పాపం చెప్పినదానిది కాదు బిడ్డా, పసిదాన్ని పట్టుకొని అడిగినోనిది."

మందిరమేం మూతవడలే. మా పేర్లు కొట్టేసిండ్రు. కొందరు మా గల్లీలకు రావుడు బంజేసిన్రు, రెండు కుటుంబాలు మాత్రం మాతోటే బయటికొచ్చినయ్. వేరే చర్చిల, ఏ ఒట్టు వెట్టుమనని ఒక ముసలి అయ్యగారి దగ్గర, నాయనమ్మ మళ్ల బల్ల తీసుకున్నది. నాకు దేవుని మీద ఎన్నడూ కోపం రాలే. ఆయన పేరు వెట్టి భయవెట్టెటోళ్ల మీదనే వచ్చింది, ఇంకా పోలే.

ఇప్పుడు ఆ గల్లీల ఒంటి అర్రల ఇండ్లు లేవు, గోడ మీదికెళ్లి వంగే తలకాయలు లేవు, నాయనమ్మ లేదు, అమ్మ లేదు. భయవెట్టుడు మాత్రం ఉన్నది, మైకులు పెద్దగైనయ్. అందుకే ఇప్పుడు మా చర్చిల ఎవరన్నా పిల్లలను చుట్టూ కూసోవెట్టుకొని "మీ ఇంట్ల ఏమైతున్నది?" అని అడిగితే నేను లేచి నిలవడ్త. "పిల్లలను కాదు, నన్నడుగుండ్రి" అంట. ముసల్ది లొల్లి వెడ్తదంటరు. అననియ్యి.

చాయ్ తాగుండ్రి, సల్లారుతున్నది. మీ ఇంట్ల ఏ పెద్దమనిషీ గడప అవుతల కూసోకుండా ఉండాలె, ఏ పసిపిల్లా నిజం చెప్పి కుమిలిపోకుండా ఉండాలె, మీరందరు ఒక్క గిన్నెలకెళ్లి వడ్డించుకొని భయం లేకుంట తినాలె. సల్లంగుండుండ్రి బిడ్డా.