ఫుట్‌పాత్ కోసం ఓటడిగిన దసరా

మా వీధి చివర నుంచి ఇండియన్ స్టోర్ దాకా నడిస్తే ఇరవై నిమిషాలు. ఆ దారికి ఫుట్‌పాత్ లేదు. రోడ్డు, దాని అంచున తెల్లగీత, గీత అవతల వాననీటి కాలువ. తొమ్మిదేళ్లుగా ఆ గీత మీదే నడుస్తున్నాను. నాకు డ్రైవింగ్ రాదు. రెండుసార్లు నేర్చుకోబోయి భయమేసి మానేశాను. అందుకని ఇంట్లో కూర్చోవాలా? కూర్చోను. కిందటి వేసవిలో ఒక ట్రక్కు అద్దం నా మోచేతిని రాసుకుంటూ పోయింది. పాల డబ్బాతో సహా కాలువలో పడ్డాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ ఏడాదే మా సిటీవాళ్లు సేల్స్ టాక్స్ కాస్త పెంచి, ఆ డబ్బుతో రోడ్లు, కాలువలు, ఫుట్‌పాత్‌లు వేస్తామన్నారు. నవంబర్ ఎన్నికల్లో జనం 'యెస్' అని ఓటేసి ఒప్పుకుంటేనే. మా దారి కూడా జాబితాలో ఉంది. నాకేమో ఓటు లేదు. గ్రీన్‌కార్డ్ క్యూలో మేం ఎక్కడున్నామో దేవుడికే తెలియాలి. కొట్లో టాక్స్ కట్టేటప్పుడు మాత్రం నా వీసా ఏమిటని ఎవరూ అడగరు. ఓటు లేకపోతే నోరు కూడా లేదా అనుకుని, ప్రచారం చేసేవాళ్ల దగ్గర్నుంచి కరపత్రాలు తెచ్చుకున్నాను.

"మనకెందుకు ఈ గొడవ? వీసా మీద ఉన్నాం" అన్నారు మావారు.

"నడిచేది మీరా, నేనా?" అన్నాను. ఆయన టీవీ వైపు తిరిగారు.

దసరాకి మా ఇంట్లో పేరంటం పెట్టాను. వచ్చినవాళ్లలో సగంమంది సిటిజన్లే. పసుపు కుంకుమల దగ్గర రాజకీయాలేమిటని నేనూ కొంచెం జంకాను. అందుకే తాంబూలంలో ఇచ్చే జాకెట్టు ముక్కల మడతల్లో ఒక్కో కరపత్రం దూర్చాను. మీద తెలుగులో 'యెస్ అని వేయండి, ఇది నేను నడిచే దారి' అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులకి పక్క వీధి అమ్మాయి తన పేరంటానికి పిలిచింది. మా ఇంటికీ వచ్చి వెళ్లిన పిల్లే. బొట్టు పెట్టి తాంబూలం చేతికిచ్చింది. ఆ ఆకుపచ్చ జాకెట్టు ముక్కని ఎక్కడో చూసినట్టనిపించి అక్కడే విప్పాను. మడతలో నా కరపత్రం, నా చేతిరాత. మా ఇంటికొచ్చిన మిగతావాళ్లని అడిగితే ఒక్కరూ విప్పి చూడలేదట. మనవాళ్లు జాకెట్టు ముక్కలు కుట్టించుకుంటారా ఏమన్నా? వచ్చింది వచ్చినట్టు ఇంకో ఇంటికి దాటిస్తారు. నేనూ అదే చేస్తాను. ఆ సంగతి మరిచిపోవడం నా బుద్ధితక్కువ.

ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. హాలు మధ్యలో నిలబడి ఆ కరపత్రం గట్టిగా చదివేశాను.

"ఆంటీ, ప్లీజ్, మళ్లీ ఇంకో టాక్స్ ఎందుకు? ఇక్కడ వాక్ చేసేదెవరు? అందరికీ కార్స్ ఉన్నాయ్ కదా" అంది ఆ అమ్మాయి.

"నేను నడుస్తున్నా. నేను మనిషిని కానా?"

"అట్ల కాదు ఆంటీ..."

"ఎట్లయినా సరే, చెప్పులేసుకో. స్టోర్ దాకా నాతో నడువు. తర్వాత కూడా నో అని వేస్తానంటే నిన్ను మళ్లీ అడగను."

ఆ ఎన్నికలో మేం కొద్దిలో ఓడిపోయాం, ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆ టాక్స్ సంగతి మళ్లీ ఓటుకి పెడితే మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతాను. కానీ ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. అందరి ముందూ కాదనలేక, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గీత మీద నా వెనకాలే నడిచింది. సగం దారిలో ఒక వ్యాన్ హారన్ కొడుతూ దూసుకుపోయింది. ఆ పిల్ల కెవ్వుమని నా చెయ్యి పట్టుకుని గడ్డిలోకి దూకింది. చీర అంచంతా బురద. వంగి ఆ బురద దులుపుకుంది.

"నేను డైలీ ఈ రోడ్‌లోనే డ్రైవ్ చేస్తా ఆంటీ" అంది చివరికి. "మిమ్మల్ని చాలాసార్లు చూశా. ఎవరో అనుకుని హారన్ కూడా కొట్టా."

"తెలుసు. నీ తెల్ల కారు నాకు గుర్తే" అన్నాను. "నడు, ఇంకా సగం దారుంది."