ఇంక రెండోది విసరండి

మొన్న శనివారం సింగపూర్ సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌కు అమెరికా నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె తెరవగానే పాత తోలు వాసన, దాని వెనకే ఎండిన గడ్డి వాసన గుప్పుమన్నాయి. లోపల కోలగా, రెండు కొసలా మొన తేలిన గోధుమరంగు బంతి ఉంది. మా అమ్మాయి హన్నా దాన్ని రెండు చేతులా ఎత్తి, "డాడీ, వై దిస్ బాల్ సో పాయింటీ? ఎవరైనా దీనిమీద కూర్చున్నారా?" అని నవ్వింది. అప్పటికే నా కుడిచేతి వేళ్లు ఆ తెల్లటి లేసు కుట్ల మీదికి వెళ్లి వాటి చోట్లలో అవి సర్దుకున్నాయి. ఇన్నేళ్లుగా ముట్టని బంతిని నాకన్నా ముందు నా చెయ్యి గుర్తుపట్టింది. పెట్టె అడుగున సుగుణ ఆంటీ రాసిన చీటీ ఉంది. "అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్లేముందు ఇది కృపాకర్‌కి పంపమన్నారు. గాలి తగ్గింది, కొట్టించుకో నాయనా."

డ్వేన్ అంకుల్‌ని చూడనివాళ్లకు ఆయన్ని ఎలా చూపించాలి? ఆరడుగులు దాటిన మనిషి, నల్లజాతి అమెరికన్, మన గుంటూరు అల్లుడు. సుగుణ ఆంటీ నర్సుగా అమెరికా వెళ్లినప్పుడు, ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆమె వార్డులోనే పడుకున్నారట. ఆ మోకాలు మూడు నెలల్లో నయమైంది, పెళ్లి మాత్రం జీవితాంతం నిలిచింది అనేవారు. తర్వాత ఆయన ఉద్యోగం మీద ఇద్దరూ సింగపూర్ వచ్చారు. ఆయన తెలుగంతా ఆంటీ నోటి నుంచి నేర్చుకున్నదే. భర్తను ఆమె "ఏమండీ" అని పిలుస్తుంది కాబట్టి, తెలుగులో మనిషిని పిలవాలంటే అదే మాట అని ఆయన నమ్మకం. ఆదివారం ఆరాధన అయ్యాక మా తెలుగు సంఘమంతా కలిసి భోంచేసేవాళ్లం. నేను సింగపూర్ వచ్చిన మొదటి ఆదివారమే, ఆయన బల్ల అవతల కూర్చున్న పాస్టర్ గారిని, "ఏమండీ, కాస్త ఆ పప్పు ఇటు పంపండి" అన్నారు. హాలు హాలంతా ఘొల్లుమంది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? అది నేను మిమ్మల్ని పిలిచే పిలుపు. ఊళ్లోవాళ్లందరినీ అలా పిలుస్తారా?" అని ఆంటీ తల పట్టుకుంది.

"మీరు నన్ను ప్రేమతోనే కదా పిలుస్తారు. నేనూ అందర్నీ ప్రేమతోనే పిలుస్తున్నాను. తప్పేముందండీ?" అన్నారాయన, పప్పు వడ్డించుకుంటూ.

అదే మనిషి మర్నాడు చాంగీ బిజినెస్ పార్క్‌లో నా ఎదుట మేనేజరుగా కూర్చుని ఉంటారని నాకు తెలియదు. ఐటీ ఉద్యోగాలు వరదలా వస్తున్న రోజులవి. మా ఒంగోలు కాలేజీకి కంపెనీలు వరసపెట్టి వచ్చాయి. ప్రతిసారీ మా పెద్దన్నయ్య టై కట్టుకుని వెళ్లి వరండాలో నిలబడేవాణ్ణి. సాయంత్రం ఎంపికైనవాళ్ల పేర్లు చదివేవారు. ఒక్కసారి కూడా నా పేరు వినిపించలేదు. అంత వరదలోనూ తడవనివాణ్ణి నేనొక్కణ్ణే అనిపించేది. చివరికి ఒక చిన్న ఏజెన్సీ ద్వారా, ఏడాది కాంట్రాక్టు మీద, ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పడ్డాను. ఏడాది ముగిసేలోగా బ్యాంకువాళ్లు నన్ను కావాలని అడిగితే ఉంటాను. లేకపోతే పెట్టె సర్దుకుని అదే వరండాలోకి వెళ్లినట్టే. రోజూ మోకరించినప్పుడు నా ప్రార్థన ఒకటే: "ప్రభువా, ఈ ఒక్కసారైనా ఎవరో ఒకరు నా పేరు పిలవాలి."

ఆ ఏడాది బ్యాంకు శాఖలన్నిటిలో కౌంటర్ల మీద కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టబోతున్నారు. శాఖల నుంచి ఫోన్లు వస్తే సరిచేసే పని మా అయిదుగురిది. మాకు పెద్ద రాఘవ. హైదరాబాదువాడు, చురుకైనవాడు, పేరున్న కాలేజీలో చదివినవాడు. డ్వేన్ అంకుల్ ఒక అలవాటు పెట్టారు. ప్రతి గురువారం మధ్యాహ్నం మేం నిజంగా పని చేస్తున్నట్టే రిహార్సల్ జరిగేది. రాఘవా మిగతావాళ్లూ కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. నేను మాత్రం పక్కనున్న అద్దాల గదిలో కూర్చుని, శాఖల్లోని మనుషుల్లా మాట్లాడుతూ వాళ్లకు ఫోన్లు చేయాలి. ఏయే కష్టాలు రావచ్చో నేనే ఊహించి వాళ్ల మీద పోయాలి. అందుకోసం ఆయన నన్ను శాఖలకు పంపి, కౌంటర్ల వెనక గంటలకొద్దీ కూర్చోబెట్టేవారు. బెడోక్ శాఖ మేనేజరు మిసెస్ టాన్ గొంతు నాకు అచ్చుగుద్దినట్టు వచ్చేసింది. "హలో, వై సో స్లో లా? మై క్యూ ఆల్రెడీ గో ఔట్‌సైడ్ ద డోర్!" అని, సింగపూర్‌వాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, నేను ముక్కుతో సాగదీస్తే, హైదరాబాదీ కుర్రాడు ఫరీద్ కుర్చీలోంచి పడిపోయేంత నవ్వేవాడు. "అరె యార్, నువ్వు పుట్టాల్సింది బెడోక్‌లో. దారి తప్పి ఒంగోల్లో పుట్టావ్" అనేవాడు.

వాళ్లు నవ్వినకొద్దీ నాకు లోపల కుచించుకుపోయినట్టుండేది. అందరూ అసలు పని నేర్చుకుంటున్నారు, నేను పగటివేషం కడుతున్నాను. కాంట్రాక్టు రెండు నెలల్లో అయిపోతుంది. మిమిక్రీ చేసేవాణ్ణి బ్యాంకు ఎందుకు ఉంచుకుంటుంది? ఒక గురువారం సాయంత్రం ధైర్యం చేసి అంకుల్ దగ్గరికి వెళ్లి, "నన్ను కూడా అసలు పనిలో కూర్చోబెట్టండి అంకుల్. ఈ గదిలోంచి బయటికి తీయండి" అన్నాను. ఆయన బల్ల కింది నుంచి ఈ బంతినే తీసి, "నడవండి" అన్నారు.

ఎక్స్‌పో స్టేషన్ అవతల అప్పట్లో ఖాళీ పచ్చిక ఉండేది. లేసు కుట్ల మీద నా వేళ్లు ఎక్కడుండాలో ఆయన ఒక్కొక్కటిగా పెట్టి చూపించారు. నేను విసిరితే బంతి చచ్చిన బాతులా కిందపడింది. ఆయన విసిరితే సన్నగా ఈల వేసుకుంటూ వచ్చి నా రొమ్ముకి తగిలింది. అప్పుడు చెప్పారు తన కథ. అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఆట నడిపేవాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో అతను రెప్పపాటులో తేల్చుకోవాలి. ఆయన కాలేజీలో ఆ స్థానంలోనే ఆడారు. చదువు చివర్లో పెద్ద జట్లన్నీ కలిసి, కుర్రాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తీసుకుంటాయట.

"అంటే మా క్యాంపస్ సెలెక్షన్ల లాంటిదే" అన్నాను.

"అదే. మా అమ్మ రెండు రోజులు వండింది. చుట్టాలంతా మా ఇంట్లోనే ఉన్నారు. అందరూ తింటున్నారు, ఫోన్ వైపు చూస్తున్నారు, మళ్లీ తింటున్నారు. ఫోన్ ఒక్కసారే మోగింది. మా మేనత్త. ఫోన్ వచ్చిందా అని అడగడానికి ఫోన్ చేసింది!" చెబుతూనే ఆయన పచ్చిక మీద కూలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వరండా గుర్తొచ్చి కూడా నవ్వడం నాకు అదే మొదటిసారి.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక జట్టు పిలిచింది. అయితే ఆడటానికి కాదు. ప్రతివారం ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో అలా ఆడి, సొంత జట్టువాళ్లకు సాధన చేయించడానికి. ఎదుటివాడు తొందరపడేవాడైతే ఈయనా తొందరపడాలి. ఎదుటి జట్టు చొక్కా ఎరుపైతే, సాధనలో ఈయన బంతి విసిరేది ఎర్రచొక్కావాళ్లకే. అసలు మ్యాచ్ రోజున మామూలు బట్టల్లో గీత బయట నిలబడేవారు. "రెండేళ్లు అందరిలా ఆడాను, ఏమండీ. నాలా తప్ప."

"కోపం రాలేదా అంకుల్?"

"చాలా వచ్చింది. మా అమ్మ సండేస్కూల్ టీచరు. బైబిల్లో, రాజును ఎంచడానికి వచ్చిన ప్రవక్త ముందు ఏడుగురు అన్నల్ని నిలబెట్టి, గొర్రెలు కాస్తున్న ఎనిమిదోవాణ్ణి పిలవడమే మర్చిపోయిన తండ్రి కథ గుర్తుందా అంది. నాకు తెలుసమ్మా, చివరికి ఆ చిన్నవాడి తలమీదే నూనె పోశారు అన్నాను. మరి నూనె పోశాక మర్నాడు వాడు ఎక్కడున్నాడు అని అడిగింది." అంకుల్ బంతిని ఒళ్లో తిప్పుతూ నా జవాబు కోసం ఆగారు. చిన్నప్పటి నుంచి వాక్యం చదువుతున్నవాణ్ణి, ఆ కథ మీద చిన్న పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. "గొర్రెల దగ్గరే" అన్నాను మెల్లగా. "గొర్రెల దగ్గరే" అన్నారాయన.

మూడో ఏట, ఆయనకన్నా పైనున్న ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లకీ దెబ్బలు తగిలాయి. ఉన్నట్టుండి ఆయన్ని మైదానంలోకి పంపారు. ఆ వారం ఎదుటి జట్టుది ఆకుపచ్చ చొక్కా. వారమంతా ఆకుపచ్చవాళ్లకే విసిరిన చెయ్యి కదా, మొదటి బంతి తిన్నగా వెళ్లి ఆకుపచ్చవాడి చేతిలో పడింది. "ఎంత చక్కగా వేశానో! వాడు కదలాల్సిన పనే లేకపోయింది. స్టేడియమంతా అరుస్తోంది. గీత బయటికొచ్చి మా ముసలి కోచ్ ఎదుట తల వంచుకుని నిలబడ్డాను. ఆయన ఒకటే అన్నాడు. మొదటిది అయిపోయింది, ఇంక రెండోది విసురు."

"రెండోది ఏమైంది?"

"నేల మీద పడింది."

"మూడోది?"

"అదీ నేల మీదే. నాలుగోది మావాడు పట్టాడు."

"గెలిచారా మరి?"

"ఓడిపోయాం, ఏమండీ! కానీ పై వారం కూడా నన్నే పంపారు." గెలిచినవాడు కూడా అంత సంతోషంగా చెప్పుకోడు.

ఆ తర్వాత గురువారాలు నాకు వేరేలా కనిపించాయి. గదిలోకి వెళ్లేముందు కళ్లు మూసుకుని, ప్రభువా, ఇవి నా గొర్రెలు అనుకునేవాణ్ణి. రాఘవకు ఊపిరి తిరగనంత గట్టి చిక్కులు తెచ్చేవాణ్ణి. అతను విప్పిన ప్రతి చిక్కునూ నా పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే సోమవారం రానే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నమే రాఘవ ఫోన్ చేశాడు. ఒళ్లంతా చికెన్‌పాక్స్ పొక్కులట. నా కాంట్రాక్టు ఇంకా మూడు వారాలుంది. తెల్లవారి డ్వేన్ అంకుల్ రాఘవ కుర్చీ వెనక్కి లాగి, "కూర్చోండి కృపా" అన్నారు. మిగతావాళ్ల కళ్లన్నీ నామీదే. శాఖలు తెరిచాయి. అయిదు నిమిషాలకే మొదటి ఫోన్ మోగింది.

"హలో, వై సో స్లో లా? మై క్యూ ఆల్రెడీ గో ఔట్‌సైడ్ ద డోర్!"

అవే మాటలు, అదే ముక్కు, అదే సాగదీత. ఫరీద్ అద్దాల గదిలో దూరి నాకు బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. ఇన్ని గురువారాలుగా అలవాటైన నోరు ఆగలేదు. అదే గొంతుతో, తినడానికి అక్కడివాళ్లు వాడే మకాన్ అనే మాట కూడా కలిపి, "అయ్యో ఆంటీ, యూ గో మకాన్ ఫస్ట్ లా! తిని, ఒక కునుకు తీసి, కమ్ బ్యాక్ ఆఫ్టర్ లంచ్!" అన్నాను.

తలెత్తి చూస్తే, ఫరీద్ రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ?" అంది ఫోను. "దిస్ ఈజ్ మిసెస్ టాన్. హూ ఈజ్ యువర్ బాస్?" ఠక్కున పెట్టేసింది.

లేచి నిలబడ్డాను. కళ్ల ముందు ఒంగోలు వరండా కనిపిస్తోంది. పక్క కుర్చీలోనే ఉన్న డ్వేన్ అంకుల్ అంతా విన్నారు. ఆఫీసులో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే మనిషి, ఆ వేళ నా భుజం మీద చెయ్యి వేసి తెలుగులో అన్నారు. "మొదటిది అయిపోయిందిగా, ఏమండీ. ఇంక రెండోది విసరండి." ఆయన గడ్డం అదురుతోంది. నవ్వు ఎంత కష్టంగా ఆపుకుంటున్నారో అప్పుడు కనిపించింది.

నేనే తిరిగి ఫోన్ చేశాను. ఇందాక అలా మాట్లాడింది నేనేనని, ఆరు నెలలుగా ప్రతి గురువారం జరుగుతున్న మా రిహార్సల్ సంగతి, ఆమె గొంతు అనుకరించిన సంగతితో సహా దాచకుండా చెప్పి క్షమించమన్నాను. ఆమె, "యూ కాపీ మీ ఎవ్రీ థర్స్‌డే?" అంది. "యెస్ మేడమ్." "సిక్స్ మంత్స్?" "యెస్ మేడమ్." "దెన్ యూ టెల్ మీ లా, వై మై క్యూ సో లాంగ్?" అంది, గొంతు కొంచెం మెత్తబడి. ఆమె క్యూ నాకు తెలియకపోవడమేమిటి! సోమవారం పొద్దున్నే పెన్షన్ తాతయ్యలు పాస్‌బుక్ ప్రింటు కోసం వస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అన్ని కౌంటర్లూ ఒకే ప్రింటర్ కోసం ఆగిపోతాయి. ఆ చిక్కు నేను కల్పించిందే, రాఘవ విప్పిందే. పాస్‌బుక్‌లన్నీ ఒక్క కౌంటర్‌కే మళ్లించమని చెప్పి, మార్చాల్సిన సెట్టింగ్ ఆమెతో దగ్గరుండి మార్పించాను. మిగతా శాఖలకు వాళ్లు అడక్కముందే అదే చెప్పాం. భోజనాల వేళకు బెడోక్ క్యూ తలుపు లోపలికి వచ్చేసింది.

సాయంత్రం ఆమె డ్వేన్ అంకుల్‌కి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ నొక్కి అందరికీ వినిపించారు. "దట్ బాయ్ వెరీ చీకీ, యూ నో! బట్ నెక్స్ట్ టైమ్ ఐ కాల్, గివ్ మీ హిమ్ ఓన్లీ. వాట్స్ హిజ్ నేమ్?" అంకుల్ నావైపు చూసి కన్నుగీటి, నా పేరు అక్షరం అక్షరం చెప్పారు. ఆమె తప్పుగా పలికింది. సరిచేసుకుని మళ్లీ పలికింది. నా పేరు పిలిచారు. మూడో వారంలో బ్యాంకు నన్ను ఉంచుకుంది. ఆ వార్త విన్న ఆదివారం నేను సంఘంలో సాక్ష్యం చెప్పడానికి నిలబడితే, మకాన్ మాట దాటకముందే అందరూ నవ్వేసి, నా మాటలు ఇంక ఎవరికీ వినబడలేదు. సుగుణ ఆంటీ కళ్లు తుడుచుకుంటూ, "కానివ్వు నాయనా, స్తుతి అంటే ఇదే" అంది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే జట్టుకు కూడా గురువారం రిహార్సల్ ఉంది. అద్దాల గదిలో కూర్చునేది నేనే. ఎక్కడా పేరు వినిపించక వచ్చిన పిల్లలు కనబడితే, వాళ్లకు ఆ ఎనిమిదోవాడి మర్నాటి సంగతి చెబుతాను. దేవుడు మనల్ని పిలిచిన చప్పుడు మనకు ఆలస్యంగా వినిపిస్తుందేమో కానీ, ఆ చప్పుడు వచ్చేదాకా చేసే పని వృథా కాదని ఆ పెద్దమనిషి నాకు నవ్వుతూ నేర్పారు.

బంతికి గాలి కొట్టించి, హన్నాను మా ఫ్లాట్ల కింది పచ్చికలోకి తీసుకెళ్లాను. దాని చిట్టి వేళ్లు ఒక్కొక్కటిగా కుట్ల మీద పెట్టాను. విసిరింది. బంతి అడ్డంగా ఎగిరి, బెంచీ మీద కాఫీ తాగుతున్న ఒక అంకుల్ చెప్పుల దగ్గర పడింది. పిల్ల ముఖం చిన్నబోయింది. "ఐ కాంట్ లా, డాడీ."

"మొదటిది అయిపోయిందిగా, ఏమండీ" అన్నాను. "ఇంక రెండోది విసరండి."

హన్నా విచిత్రంగా చూసింది. "డాడీ! నన్ను ఏమండీ అంటావేంటి? అమ్మ కదా నిన్ను అలా పిలిచేది!"

నేను నవ్వు ఆపుకోలేక పచ్చిక మీద కూలబడ్డాను. అది అప్పటికే బంతి కోసం పరుగు తీసింది.