నడినెత్తి మీద సూది

ఆ రోజుల్లో తలనొప్పి రోగాల లెక్కలోకి వచ్చేది కాదు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు, దెబ్బ తగిలితే కట్టు కట్టేవారు. తలనొప్పి మాత్రం పని తప్పించుకోవడానికి ఆడపిల్లలు కనిపెట్టిన ఉపాయమని మా ఇంట్లో గట్టి నమ్మకం. నాకేమో పదిహేనో ఏటి నుంచీ నెలకు నాలుగైదుసార్లు ఎడమ కణత దగ్గర మొదలై, కంటి వెనక్కి పాకి, సగం తలను ఎవరో రోట్లో వేసి దంచుతున్నట్టుండేది. వెలుతురు చూడలేను, చప్పుడు వినలేను, పోపు వాసన తగిలితే వాంతి. చీకటి గదిలో తలకు గుడ్డ బిగించి పడుకుంటే వాకిట్లోంచి మా నాయిన గొంతు వినిపించేది: "దీనికి పరీక్షలేమన్న ఉన్నయా ఏంది?" (పరీక్షలు పెట్టేదాన్ని నేనే. అప్పటికి మేడ్చల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరి రెండేళ్ళయింది.)

సైన్సు టీచరునన్న గర్వం నాకు కాస్త ఎక్కువే. "ఎవరు చెప్పినా నమ్మకండి, రుజువు అడగండి" అని పిల్లలకు రోజుకు మూడుసార్లన్నా చెప్పేదాన్ని. ఇంట్లో అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తే, "ఇందులో ఏముందని తగ్గుతది?" అని అడిగేదాన్ని. పట్టు మాత్రం తుడుచుకునేదాన్ని కాదు, నొప్పి అలా ఉండేది మరి. కళ్ళద్దాలు పెట్టించారు, తగ్గలేదు. మాత్రలు మింగితే నిద్ర ముంచుకొచ్చేది. నిద్రలో నొప్పి ఉందో లేదో తెలియదు కాబట్టి తగ్గిందనే అనుకునేవాళ్ళం.

అలాంటి సమయంలో మేడ్చల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లాడు కరెంటు ఆఫీసులో ఇంజినీరు. తండ్రికి భూములున్నాయి, ఈ మధ్యే ప్లాట్ల వ్యాపారంలోకి కూడా దిగాడు. అప్పటికి నాలుగు సంబంధాలకు ముఖం చిట్లించిన నేను, ఈ పిల్లాడి ఫొటో చూసి మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఏమిటో మా అమ్మకు తెలుసు. నా ఫొటో కూడా పసుపు రాసిన కవరులో వాళ్ళింటికి వెళ్ళింది, వాళ్ళకూ నచ్చింది. కానీ సంబంధం తెచ్చిన పెద్దమనిషి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక మాటన్నాడు. "పిల్లగాని నాయినది ఒక్కటే పట్టు. నొప్పులు గిప్పులు ఉన్న పిల్ల వద్దంటడు. ఇంతకుముందు ఒక పిల్లకు ఆయాసం ఉన్నదని తెలిసి, లగ్గం పెట్టుకునే ముందర వాపసు పోయిండు."

ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో 'తల' అనే మాటే నిషేధమైంది. "ఆ ఊసు ఎత్తినవా, నా మీద ఒట్టే" అంది అమ్మ. ఆదివారం సాయంత్రం పెళ్ళిచూపులు. నా తలనొప్పికి ఒక మంచి గుణముంది. ఏ రోజు రాకూడదని గట్టిగా కోరుకుంటానో ఆ రోజే వస్తుంది. శుక్రవారం రాత్రికే ఎడమ కణత మెల్లగా అదరడం మొదలుపెట్టింది. శనివారం పొద్దున అమ్మ ఏడుపు ముఖంతో వాళ్ళ అక్కను, అంటే మా పెద్దమ్మను, పిలిపించింది.

పెద్దమ్మ దగ్గర లోకంలోని అన్ని కష్టాలకూ ఒక్కో అడ్రసు ఉండేది. "శామీర్‌పేటల ఒకాయన సూదులు గుచ్చుతడు. మా పక్కింటామె నడుము నొప్పి మూడు వారాలల్ల పోయింది. రేపు పొద్దున్నే పోయొద్దాం, ఎవరికీ ఎరుక గాదు" అంది.

"ఆ సూదుల మందు ఉంటదా?" అన్నాను.

"ఉండది."

"మరి ఎట్ల తగ్గుతది?"

"అది సూదికి ఎరుక. నీకెందుకు?"

రుజువు అడగాల్సిన చోట నేను నోరు మూసుకోవడం అదే మొదటిసారి. ఫొటోలోని మనిషి అంత బాగున్నాడు.

ఆదివారం పొద్దున్నే మా మచ్చ బొల్లారంలో ఎదురైన ప్రతివాళ్ళకూ "శామీర్‌పేట కట్ట మైసమ్మకు పోతున్నం" అని చెబుతూ పెద్దమ్మ నన్ను అల్వాల్ దాకా నడిపించి బస్సెక్కించింది. శామీర్‌పేటలో దిగగానే నిజంగానే చెరువు కట్ట దాకా తీసుకెళ్ళి దండం పెట్టించింది, అబద్ధం అబద్ధంగా మిగలకూడదని. అప్పుడు వెనక్కి తిరిగి, ఎరువుల దుకాణం పైనున్న గదికి మెట్లెక్కాం. కింద యూరియా బస్తాలు, పైన సూదుల డాక్టరు. ముసలాయన. బనీను మీద తెల్లకోటు. గోడ మీద ఒక బోడిగుండు మనిషి బొమ్మ, ఒళ్ళంతా గీతలు, చుక్కలు. మా బడిలో మానవ దేహం పటాన్ని పిల్లలకు అప్పగించి నేను ఒక గంట బయటికి వెళ్తే అలాగే తయారయ్యేది.

ఆ బొమ్మలో తలనొప్పికి గుచ్చే చుక్కలు ఆయన చూపించాడు, ఒకటి కాలివేలి దగ్గరుంది. "నొప్పి తలలో ఉంటే కాలివేలి దగ్గర సూది ఎందుకు? ఈ రెంటికీ మధ్య నరమేదీ లేదు కదా?" అని అడిగాను, ఏడో తరగతి నాడీవ్యవస్థ పాఠాన్ని గుర్తుచేసుకుని.

ఆయన నవ్వాడు. "నువ్వు అల్వాల్ నుంచి వచ్చినవు గద బిడ్డా. మీ పుస్తకంల ఆ బస్సు రూటు ఉన్నదా? లేకపోతే తొవ్వ లేనట్టేనా?"

దానికి జవాబు తరవాత ఆలోచిద్దామనుకున్నాను. (ఇంకా ఆలోచిస్తున్నాను.) రెండు మంచాలు, మధ్యలో పాత చీర తెర. తెర అంచు కింద అవతలి మంచం దగ్గర విడిచిన చెప్పులు కనిపిస్తున్నాయి. నన్ను పడుకోబెట్టి కాళ్ళకు, చేతులకు, కనుబొమల మధ్య, చివరికి నడినెత్తి మీద, పిడికి రాగి తీగ చుట్టిన సన్నటి సూదులు గుచ్చాడు. నొప్పి లేదు, చీమ నడిచినట్టు అంతే. కళ్ళ మీద తడిగుడ్డ కప్పి, "అర్ధగంట కదలొద్దు" అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ అప్పటికే కింద ఎరువుల దుకాణం బెంచీ మీద కూర్చుని కునుకు తీస్తోంది.

"కొత్తగ వచ్చినవా బిడ్డా?" అంది తెర అవతల నుంచి ఒక ఆడగొంతు. గొంతులో కంచు మోత ఉంది.

"అవును. మీరు?"

"నేను ఆర్నెల్ల సంది వస్తున్న. ఇంట్ల గండిమైసమ్మ గుడికని చెప్పి వస్త. మా ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తడు. నెత్తినొప్పి కూడా రోగమేనా అంటడు. అంతే గద మరి."

ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో నా నొప్పి ఇంకొకరికి ఉందని వినడం అదే మొదలు. వెలుతురు చూస్తే ఎలా ఉంటుందో, పోపు వాసనకు ఏమవుతుందో ఇద్దరం పోటీపడి చెప్పుకున్నాం. కళ్ళ మీద గుడ్డ ఉంటే మనిషికి సిగ్గు ఉండదని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె అడగడం, నేను చెప్పడం. ఈ సాయంత్రమే నన్ను చూడటానికి వస్తున్నారని చెప్పాను. నొప్పి సంగతి దాచిపెడుతున్నామని చెప్పాను.

"పిల్లగాడు నచ్చిండా? నచ్చకనే నొస్తాందా?"

"నచ్చిండు. అందుకే నొస్తాంది."

"కొలువు చేస్తవా లగ్గమైనంక?"

"చేస్త. మానెయ్యమంటే లగ్గమే మానేస్త."

"వంటొస్తదా?"

"పప్పు వస్తది. మిగిలినయి గూడ పప్పు లెక్కనే వస్తయి."

"అత్త గయ్యాళైతేనో?"

"నేను మాత్రం తక్కువనా!"

ఆమె నవ్వితే మంచం కిర్రుమంది. నాకు మాత్రం మనసులో ముల్లులా ఒకటే బాధ. "దాచిపెట్టి చేసుకుంటే తప్పు కాదా అండీ?" అని అడిగాను.

"ఇయ్యాల చెప్పకు బిడ్డా" అందామె. "మొగోళ్ళ ముందల అసలే చెప్పకు. ఆ ఇంట్ల నొప్పి తెలిసిన ఆడిది ఉంటే దానికి చెప్పుకో. అంతే గద మరి."

అంతలో ఆమెకు బస్సు వేళయింది. "జల్దీ తియ్యి డాక్టరు సాబ్, ఇయ్యాల ఇంట్ల పనున్నది" అని ఆయన్ను తొందరపెట్టి, సూదులు తీయించుకుని చెప్పులు టపటపలాడిస్తూ మెట్లు దిగిపోయింది. నాకు ఇంకా పది నిమిషాలుంది. ముఖమైనా చూడలేదే అనుకున్నాను.

సాయంత్రానికి నొప్పి తగ్గింది. ఒప్పుకోక తప్పదు, తగ్గింది. సూదుల వల్లనో, అరగంట కదలకుండా పడుకున్నందుకో, తడిగుడ్డ చలవకో, ఎవరో తెలియని మనిషికి అంతా కక్కేసినందుకో రుజువు చేయలేను. వాళ్ళొచ్చారు. నేను చాయ్ పళ్ళెంతో ముందుగదిలోకి వచ్చాను. పిల్లాడి తండ్రి, మీసాలు, తెల్లచొక్కా, గోడ అదిరే గొంతు, మా నాయినతో చెబుతున్నాడు: "మా ఇంటామెకు భక్తి మస్తు. ఇయ్యాల కూడా పొద్దున్నే గండిమైసమ్మకు పోయొచ్చింది. సూడుండ్రి, ముఖంల కళ ఎట్లున్నదో!"

"ఊకో, నీదంత బడాయి. అంతే గద మరి" అంది పక్కనున్నావిడ.

ఆ కంచు గొంతే. పొద్దున మంచం మీద నేను వాగినదంతా వరుసగా గుర్తొచ్చింది. కొలువు, పప్పు, గయ్యాళి, తక్కువనా. ఆమె ముందు వంగి కప్పు అందిస్తూ చూశాను కదా, పాపిట చివర, నడినెత్తి మీద, మల్లెపూల దండకు కాస్త ముందు, రాగి తీగ చుట్టిన సూది నిటారుగా నిలబడి ఉంది! తొందరలో ముసలాయన ఒకటి మరిచిపోయాడు. ఆమె తలాడించినప్పుడల్లా అదీ ఆడుతోంది. ట్యూబులైటు వెలుగుకు మెరుస్తోంది. ఆమె భర్త పక్కనే కూర్చున్నాడు, ఒక్కసారి ఇటు తిరిగితే చాలు.

వెనక్కి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఊరుకుంటే నాకేమీ కాదు. ఆమె నా ముఖం చూడలేదనే అనుకున్నాను, నా గొంతు గుర్తుపట్టేలోగా రెండు ముక్కలు మాట్లాడి లోపలికి పోవచ్చు. ఆ సూది తీశానా, అదేమిటో నాకు తెలుసని ఆమెకు తెలిసిపోతుంది. తెలిస్తే, నొప్పి దాచిన పిల్లను నేనేనని కూడా తెలుస్తుంది. ఫొటోలో కంటే బాగున్న మనిషి ఎదురుగా తల వంచుకుని చాయ్ తాగుతున్నాడు. నా జీవితంలో అంత కష్టమైన ప్రశ్నపత్రం నేనెప్పుడూ చూడలేదు. ఇంతలో ఆయన మీసం సవరించుకుంటూ భార్య వైపు తిరగబోయాడు.

లేచాను. "పూలు జారుతున్నయి, సదురుత" అంటూ నేరుగా వెళ్ళి కాబోయే అత్తగారి నెత్తి మీద చెయ్యి పెట్టాను. గదిలో అందరి గుండెలూ ఆగిపోయాయి. (మా అమ్మది ఆగిపోవడం నాకు వినిపించింది.) దండ సర్దుతున్నట్టు సర్ది, రెండు వేళ్ళతో సూది లాగి, చీర కుచ్చిళ్ళలో గుచ్చేసుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఒక క్షణం వదల్లేదు. అయిపోయింది, ఇక లేచి వెళ్ళిపోతారు అనుకున్నాను.

"పిల్ల నచ్చింది. లగ్గం పెట్టుకుందాం" అందామె.

"నేనింక ఏమడగనే లేదు!" అన్నాడాయన.

"నువ్వు అడిగేదేమున్నది? నేనడిగిన గద, అంతే గద మరి."

అలా ఆ ఇంటి కోడలినయ్యాను. ఇక ఆదివారం వస్తే చాలు, అత్తమ్మా నేనూ కలిసి 'గండిమైసమ్మకు' బయల్దేరి, దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్న శామీర్‌పేట బస్సెక్కేవాళ్ళం. పెద్దమ్మ పద్ధతి ప్రకారం ముందు చెరువు కట్ట మీద కొబ్బరికాయ కొట్టి, ఆ తరవాతే మెట్లెక్కేవాళ్ళం. అందువల్ల ఇంటికి తెచ్చే ప్రసాదం నిజమే, మైసమ్మ మాత్రమే వేరు. మామయ్య ఊళ్ళో కనబడిన ప్రతివాళ్ళతో "మా ఇంట్ల అత్తకోడండ్లకు లొల్లి లేదు, భక్తి ఉన్నది" అని గొప్పలు చెప్పుకునేవాడు. మా తలనొప్పులు పూర్తిగా పోలేదు గానీ బాగా పలచబడ్డాయి. సూదులేనని అత్తమ్మ, రుజువు లేదని నేను. పక్కపక్క మంచాల మీద కదలకుండా పడుకుని ఏళ్ళ తరబడి ఇదే వాదన.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు రోడ్డు వెడల్పు చేస్తామని ఆ ఎరువుల దుకాణం కూలగొట్టడానికి గుర్తులు వేశారు. ముసలాయన సూదుల పెట్టె సర్దుకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నాడు. ఆఖరి ఆదివారం, శామీర్‌పేట బస్టాపులో పల్లీలు తింటూ కూర్చున్నాం. ఇద్దరికీ దిగులుగా ఉంది. ఆమెను నవ్విద్దామని, నేను ఎన్నేళ్ళుగానో లోలోపల మురిసిపోతున్న సంగతి ఎత్తాను. "ఏమైనా ఆ రోజు నేను గొంతు గుర్తుపట్టి సూది తీసిన గాబట్టి నీ పరువు దక్కింది అత్తమ్మా. నువ్వైతే నన్ను గుర్తే పట్టలేదు."

అత్తమ్మ పల్లీల పొట్టు ఊదుకుంది. "నీ ఫొటో వారం దినాలు మా ఇంట్ల టీవీ మీదనే ఉన్నది బిడ్డా. నువ్వు మెట్లెక్కి వచ్చినప్పుడు నా కండ్ల మీద ఇంక గుడ్డ వెయ్యలే. తెర సందుల నుంచి సూస్తనే ఉన్న."

"అంటే... కొలువు, వంట, గయ్యాళి..."

"మరి ఊరికెనే అడుగుతనా? సాయంత్రం మీ ఇంటికి వచ్చింది చాయ్ తాగనీకె. పెండ్లిచూపులు పొద్దున్నే అయిపోయినయి. నొప్పి ఉన్నదన్నవు, నచ్చిండన్నవు, దాస్తే తప్పు గాదా అన్నవు. ఇంకేం గావాలె?"

"మరి ఆ సూది? డాక్టరు మరిచిపోయిండా, నువ్వే..."

అత్తమ్మ బస్సొచ్చిందని లేచి నిలబడింది. ఈ రోజుకీ, డెబ్బై దాటిన మనిషి, ఆ మాట అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

ఆ సూది నా కుట్టుడబ్బాలో, దారపు ఉండకు గుచ్చి ఇప్పటికీ ఉంది. కుట్టడానికి పనికిరాదు, పారేయడానికి చేతులు రావు. అది కనబడినప్పుడల్లా, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని "నేను మాత్రం తక్కువనా!" అని సొంత అత్తగారితోనే చెప్పిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి, నవ్వూ వస్తుంది, ఆ పిల్ల మీద ముద్దూ వస్తుంది. సూదిని నమ్మడానికి అన్ని రుజువులు అడిగిన మనిషి, పక్క మంచం మీద ఎవరున్నారని ఒక్క ప్రశ్న వేయలేదు. బడిలో పిల్లలకు ఇప్పటికీ అన్నింటికీ రుజువు అడగమనే చెబుతున్నాను. ముందు తెర తీసి చూడమని కూడా చెప్పాలనిపిస్తుంది గానీ, అది సిలబస్‌లో లేదు.