కోసేసిన ప్రశ్న

ఆ అమ్మాయి గురించి కాలేజీలో ఇప్పటికీ రకరకాల మాటలు తిరుగుతున్నాయి. దర్శకుడి గొంతును కంప్యూటర్లో పుట్టించి సినిమాలో అతికించిందని కొందరంటారు. అతను ఆమెను కాదన్నాడని, ఆ కడుపుమంట ఇలా తీర్చుకుందని మరికొందరు. తల్లి వెనక ఉండి నడిపించిందనే వాళ్ళున్నారు. డాక్యుమెంటరీ పాఠం చెప్పే మేడమ్‌కు అంతా ముందే తెలుసనే వాళ్ళూ ఉన్నారు.

ఇందులో ఒక్కటీ నిలవదు. గొంతు అతనిదే, అతనే ఒప్పుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య పనిమాటలు కాక వేరే మాట విన్నవారెవరూ లేరు. తల్లికి సినిమా వేసిన సాయంత్రం వరకు ఏమీ తెలియదు. ఇక మేడమ్‌కు తెలిసి ఉంటే ముఖ్య అతిథి పక్కన అంత నిశ్చింతగా కూర్చొని ఉండేవారు కారు.

జరిగింది వేరు.

క్లాసును ముగ్గురేసి చొప్పున జట్లుగా విడగొట్టి, జట్టుకో డాక్యుమెంటరీ తీయమన్నారు. చివరికి వాటిని కాలేజీ హాల్లో అందరి ముందూ వేసి, ఒకదానికి అవార్డు ఇస్తారు. మార్కు జట్టుకంతటికీ ఒకటే. ఈ జట్టులో దర్శకత్వం నాదేనని మొదటి రోజే ప్రకటించుకున్న కుర్రవాణ్ణి మిగతా ఇద్దరూ కాస్త ఎగతాళిగా ‘డైరెక్టర్ గారు’ అనేవారు. అతను దాన్ని గౌరవంగానే స్వీకరించాడు. కెమెరా పట్టింది ఒక పొడుగాటి అమ్మాయి. మాట తక్కువ, పని ఎక్కువ. శబ్దం చూసుకున్నది మన అమ్మాయి. ఎప్పుడూ హెడ్‌ఫోన్లతో తిరిగేది కనుక ఆమె పేరు ‘చెవులు’గా స్థిరపడిపోయింది.

కథావస్తువు చెవులు ఇచ్చిందే. ఆమె పిన్నిది వీధి మలుపులో ఒక టైలరింగు షాపు. ఒకప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి పెట్టుకున్నది. వయసులో ఉండగా ఏదో మాట పట్టింపు వచ్చి విడిపోయారు. మళ్ళీ పలకరించుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు చెవుల తల్లి చెల్లెలి షాపుకు వెళ్ళి, కిటికీ పక్కన కూర్చొని చొక్కాలకు కాజాలు కుట్టి వస్తుంది. ఒకరు మిషను తొక్కుతుంటే, మరొకరు సూదితో కుడుతూ, ఇద్దరూ కలిసి వచ్చే పోయే వారి బట్టలకు వంకలు పెడుతుంటారు. చెవులు చూపించాలనుకున్నది అది.

పిన్నితో మాట్లాడించే రోజున పక్కింటి వడ్రంగి రంపం మొదలుపెట్టాడు. చప్పుళ్ళు ఆపించడం శబ్దం చూసేవాళ్ళ పని. చెవులు పిన్ని చీర అంచుకు చిన్న మైకు పెట్టి, రికార్డరు ఆన్ చేసి వడ్రంగి దగ్గరకు వెళ్ళింది.

“కాసేపు ఆపండి బాబాయ్, షూటింగు,” అంది.

“నన్నూ తీస్తారా?”

“మీ రంపం వినపడకుండా తీస్తాం.”

“అంటే నా పని ఆపితేనే మీ పని నడుస్తుందన్నమాట. బాగుందమ్మాయ్.” అతను రంపం పక్కన పెట్టాడు. కదిలితే మళ్ళీ అందుకుంటాడని ఆమె అక్కడే కూర్చుంది. కెమెరా అమ్మాయి వీధికి అవతల నిలబడి, తెరిచిన తలుపులోంచి దూరపు లెన్సుతో తీస్తోంది. షాపులో పిన్ని, డైరెక్టరు మాత్రమే ఉన్నారు.

ఆ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. అడిగిన ప్రశ్నను కోసేసి జవాబును మాత్రమే ఉంచుతారు. మనిషి తనంతట తానే చెబుతున్నట్టు ఉంటుందని. అందరూ అలాగే చేశారు. డైరెక్టరూ అలాగే సినిమా కోసి, చూసి చెప్పమని చెవుల ఇంటికి ఒక కాపీ పంపాడు.

తల్లి చేయి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మిషను చక్రం నెమ్మదిగా తిరుగుతోంది, వెనక విషాద సంగీతం. తరవాత పిన్ని ముఖం. “దాని కుట్టు ఎవడు వేసుకున్నాడు? అది కుట్టిన ప్రతీదీ విప్పి మళ్ళీ కుట్టింది నేను. వారం వారం వచ్చి కూర్చుంటుంది, దాని మొహం చూడటం నాకేమన్నా సరదానా?” ఆ వెంటనే ఏడుపు.

తల్లి అక్కడితో సినిమా ఆపించింది. “ఎవరూ అడక్కుండానే అందా ఇది?”

“నేను అక్కడ లేనమ్మా.”

“సర్లే,” అని లేచిపోయింది. ఆ ఆదివారం షాపుకు వెళ్ళలేదు. ఆ తరవాతా వెళ్ళలేదు. పిన్ని ఫోను చేస్తే మోగనిచ్చి ఊరుకుంది.

సినిమా ఇంటికొచ్చిన మర్నాడే చెవులు కాలేజీ ఎడిటింగు గదిలో కూర్చొని అసలు రికార్డింగు మొదటి నుంచీ విన్నది. డైరెక్టరు పిన్ని కుర్చీ పక్కన గొంతుక్కూర్చొని మాట్లాడి ఉంటాడు. మైకుకు దగ్గరగా, మెత్తగా, స్పష్టంగా ఉంది అతని గొంతు.

“ఆంటీ, మీ అక్కగారు నిన్న కెమెరా ముందు ఒక మాటన్నారు. పనంతా తనే చేసేదట, మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చొని పేరు కొట్టేశారట.”

కాసేపు ఫ్యాను చప్పుడు.

“అక్క అలా అందా?”

“నాకూ బాధేసింది ఆంటీ. మీరేమంటారు?”

ఆ ముందు రోజు అలాంటి షూటింగేదీ జరగలేదు. తల్లి ఆ కెమెరా ముందుకు ఒక్కసారి కూడా రాలేదు. చెవులు హెడ్‌ఫోన్లు తీసి అతన్ని వెతుక్కుంటూ క్యాంటీనుకు వెళ్ళింది.

“మా అమ్మ ఎప్పుడందిరా ఆ మాట?”

అతను తడబడలేదు. “అనలేదు. అయితే ఏంటిప్పుడు? మీ పిన్ని అరగంట నుంచి దారం ధరలు చెబుతోంది. ఏడుపు లేకుండా సినిమా ఎవడు చూస్తాడే?”

“నిన్నటి నుంచీ అమ్మ పిన్నితో మాటలు మానేసింది.”

“అవార్డొస్తే అవే వస్తాయి. మేడమ్‌కు చెబుతావా? చెప్పుకో. మార్కు నీకూ అదే, గుర్తుంచుకో.”

ఆమె చెప్పలేదు. ఇంటికి వెళ్ళి తల్లికీ వినిపించలేదు. ఆ రికార్డింగు ఫోనులో పెట్టుకొని తిరిగింది. తల్లి వంటగదిలో ముక్కు చీదుతుంటే విన్నది. పిన్ని షాపు ముందు నుంచి తల వంచుకొని వెళ్ళింది. అడిగిన వారికి పరీక్షలంది. లోపల ఒకటే లెక్క నడుస్తోంది: వాడొక్కడి ముందు కాదు, వాడు చప్పట్లు ఆశిస్తున్న ప్రతి మనిషి ముందూ వాడి గొంతే వాడి పీక పట్టుకోవాలి. ఆ దృశ్యాన్ని తలుచుకుంటూ ఆమె హాయిగా నిద్రపోయేది.

అవకాశం పద్ధతి ప్రకారమే వచ్చింది. తెర మీది బొమ్మ ఖరారయ్యాక చివరి శబ్దం కలిపి అప్పగించే బాధ్యత ఆమెది. బొమ్మను ముట్టుకోవడానికి వీల్లేదు, ముట్టుకోలేదు. డైరెక్టరుకు ప్రాణమైన ఆ చక్రం దృశ్యం కింద నుంచి సంగీతం తీసేసి, కోసేసిన ప్రశ్నను దాని స్థానంలో పెట్టింది. వెళ్ళి పిన్నిని ప్రదర్శనకు స్వయంగా పిలిచింది. తల్లిని బతిమాలి తీసుకొచ్చింది. డైరెక్టరు తల్లిదండ్రులకు ముందు వరుసలో కుర్చీలు కూడా తనే చూపించింది.

హాల్లో దీపాలార్పారు. చక్రం తిరిగింది. “ఆంటీ, మీ అక్కగారు నిన్న కెమెరా ముందు...”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. “అక్క అలా అందా?” అన్న పిన్ని గొంతు వినపడ్డాక, చీకట్లో చెవుల తల్లి లేచి నిలబడింది. “ఎప్పుడన్నానే నేను?” అని పైకే అడిగింది. వెనకెవరో నవ్వబోయి ఆగిపోయారు. తెర మీద పిన్ని ఏడుస్తోంది. డైరెక్టరు తండ్రి కొడుకు వైపు తిరిగి, “ఆ గొంతు నీదేనా?” అన్నాడు. అతను తెర వైపు చూశాడు. మళ్ళీ అడిగితే అవునన్నాడు.

చెవులు సినిమా చూడలేదు. గోడకు ఆనుకొని, ఆద్యంతం అతని ముఖమే చూసింది.

మేడమ్ ఆ జట్టుకు తప్పినట్టు మార్కు వేశారు. పైచదువుకు ఆ మార్కు మీదే ఆశపెట్టుకున్న కెమెరా అమ్మాయి వరండాలో చెవులను నిలదీసింది.

“నాకు చెప్పి ఉంటే ఆపేదాన్ని కాదు తెలుసా. నేనే ముందుకొచ్చి మేడమ్‌కు చెప్పేదాన్ని. ఒక్క మాట చెప్పాల్సింది.”

చెవులు తప్పుకొని మెట్ల వైపు నడిచింది.

అక్కచెల్లెళ్ళు మెట్ల దగ్గర ఒకరి చేయి ఒకరు పట్టుకొని నిలబడ్డారు. పిన్ని మాత్రం చెవులు దగ్గరకు రాగానే చేయి అడ్డం పెట్టింది.

“ఎప్పుడు తెలిసిందే నీకు?”

“సినిమా ఇంటికొచ్చిన మర్నాడు.”

“మర్నాడా.” ఆమె అక్క వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. “మర్నాడే మా ఇద్దరికీ వినిపిస్తే ఏం పోయేది? ఇన్నాళ్ళూ మీ అమ్మ ఎందుకు రావట్లేదో తెలియక నేను చచ్చాను. నా ఏడుపు ఊరందరి ముందు వెయ్యడానికి దాచావా?”

తల్లి చెల్లెలి చేయి వదలలేదు.

సాక్ష్యం ఇంత వరకే. చెవులు ఏ గొంతునూ పుట్టించలేదు, ఒక్క మాట కలపలేదు. మరొకడు దాచిన మాటను ఉన్నదున్నట్టు ఉన్నచోట పెట్టింది. అతను అబద్ధంతో ఇద్దరిని విడదీశాడు. అందుకు తగిన అవమానమే పొందాడు. కానీ ఆ ఇద్దరినీ తిరిగి కలిపే నిజం చేతిలో ఉండగా, తన పగకు నిండు సభ దొరికేదాకా ఆమె దాన్ని అట్టిపెట్టుకుంది. విడదీసినది అతను. విడిగా ఉంచినది ఆమె.